ఫ్యాక్టరీ రైఫిల్‌కు గురి కుదరాలంటే తూటాలు మనమే నింపుకోవాలా?

ప్రశ్న (పాలకొల్లు)

అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో నిలకడగా రాణిస్తూ ఈ మధ్యనే 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని పేల్చే) విభాగం కూడా మొదలుపెట్టింది. అందుకు క్లబ్బువారి .22 (గుండు వ్యాసం సుమారుగా అంగుళాల్లో) బోల్ట్ యాక్షన్ రైఫిల్ వాడుతోంది. అది ప్రత్యేకంగా బ్యారెల్ చేయించుకున్న రైఫిల్ కాదు. కంపెనీ నుంచి పెట్టెలో ఎలా వచ్చిందో అలాగే ఉంది. సమస్య ఏమిటంటే, ఒక పెట్టెలోని తూటాలతో 50 మీటర్ల దూరాన పది గుండ్లూ 20 మిల్లీమీటర్ల లోపల కుదురుగా పడుతున్నాయి. అదే కంపెనీ, అదే పేరు ఉన్న ఇంకో పెట్టె విప్పేసరికి గుండ్లు పైకీ కిందికీ సాగిపోయి గ్రూపు (గుండ్లు పడిన చోట్ల మధ్య గరిష్ఠ దూరం) 35 మిల్లీమీటర్లు దాటిపోతోంది. పిల్ల పడుకునే తీరు మారలేదు, స్లింగు (రైఫిల్‌ను చేతికి బిగించే పట్టీ) బిగింపు మారలేదు, ఆ పూట ఆకు కదిలేంత గాలి కూడా లేదు.

మా బావమరిది అమెరికాలో ఉంటాడు. అతను తన .308 రైఫిల్‌కు కావలసిన తూటాలను ఇంట్లోనే, మందు తూకం వేసి, గుండు బిగించి తయారు చేసుకుంటాడు. అలా చేసుకున్న తరువాత మామూలు ఫ్యాక్టరీ రైఫిలే ఎంతో కుదురుగా కొడుతోందని చెబుతున్నాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు తూటాలు బిగించే చిన్న ప్రెస్సు ఒకటి, తూటా కొలిచే పరికరాలు కొన్ని తెస్తానని కూడా అంటున్నాడు. నరసాపురంలో బంగారప్పని చేసే మా మిత్రుడి దగ్గర మిల్లీగ్రాము వరకూ చూపే కాటా ఉంది. కనీసం ఉన్న .22 తూటాలను విప్పి, మందు సమానంగా తూచి మళ్ళీ బిగించవచ్చా అన్నది నా ఆలోచన.

తెలిసినవారు దయచేసి మూడు సంగతులు చెప్పండి. తూటాలు సొంతంగా నింపుకోవడం వల్ల గురి నిజంగా మెరుగవుతుందా, అయితే ఎందువల్ల? .22కు అది సాధ్యమేనా? మన దేశంలో చట్టం దీనికి ఒప్పుకుంటుందా? ఇంకొక మాట. మా ఇంటికి మూడు వైపులా రొయ్యల చెరువులే. ఈ తేమ వల్ల తూటాలకు గాని రైఫిల్‌కు గాని ఏమైనా అవుతోందేమోనన్న అనుమానం కూడా ఉంది.


జవాబు (రాజోలు వాసి, ప్రస్తుతం టెక్సాస్)

నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లె. నేనుంటున్న చోట చట్టం అనుమతిస్తుంది కాబట్టి నా .308 రైఫిల్‌కు తూటాలు నేనే నింపుకుంటాను. కనుక మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత వివరంగా జవాబు చెబుతాను. చట్టం సంగతి అక్కడున్న పెద్దలు చెప్పడమే మంచిది.

గురి మెరుగవుతుంది, అయితే అందులో మందు తూకం పాత్ర చాలామంది అనుకునేంత పెద్దది కాదు. కంపెనీ తయారుచేసే తూటా, ఆ కొలత పేరుతో ప్రపంచంలో ఉన్న ప్రతి రైఫిల్‌లో తూటా కూర్చునే అర అయిన చాంబర్‌లోనూ ఇబ్బంది లేకుండా దూరాలి. అందువల్ల దాన్ని అనుమతించిన కొలతల్లో చిన్న వైపుకే చేస్తారు. ఫ్యాక్టరీ రైఫిల్ చాంబర్‌ను మాత్రం కాస్త వదులు వైపుకే కోస్తారు. ఈ రెండూ కలిసినప్పుడు తూటా చాంబర్‌లో కొద్దిపాటి ఖాళీతో, ఒక్కోసారి నడిమి గీత నుంచి వెంట్రుకవాసి పక్కకు ఒరిగి కూర్చుంటుంది. అక్కడి నుంచి బయలుదేరిన గుండు బ్యారెల్ లోపలి మెలితిరిగిన గాడుల్లోకి కూడా ఆ వంపుతోనే ప్రవేశిస్తుంది.

ఒకసారి పేల్చిన ఇత్తడి కేసు (మందునూ గుండునూ పట్టి ఉంచే గొట్టం) ఆ రైఫిల్ చాంబర్ ఆకారానికే ఉబ్బి బయటికి వస్తుంది. నింపుకునేవాడు దాన్ని మళ్ళీ మొదటి కొలతకు పూర్తిగా నొక్కేయకుండా, భుజం భాగాన్ని (మెడ కింద వాలుగా ఉండే చోటును) ఒక అంగుళంలో వెయ్యోవంతులు రెండు, అంటే సుమారు 0.05 మిల్లీమీటర్లు మాత్రమే వెనక్కి నెట్టి ఊరుకుంటాడు. అప్పుడు ఆ కేసు ఆ ఒక్క రైఫిల్‌కే సరిగ్గా అమరుతుంది. నా అనుభవంలో ఫ్యాక్టరీ రైఫిల్‌కు నింపుకున్న తూటా ఇచ్చే మేలులో పెద్ద భాగం ఇక్కడే ఉంది. తరువాతి స్థానం గుండు ఎంపికది. బ్యారెల్ గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నదాన్ని బట్టి ఎంత పొడవు గుండు నిలకడగా ఎగురుతుందో తేలుతుంది. పొడవైన గుండుకు వేగంగా చుట్టు తిరిగే గాడులు కావాలి. కొన్నవాడు బ్యారెల్ మార్చలేడు కాబట్టి గుండునే మార్చుకోవాలి.

మూడవది గుండు ఎంత లోతుకు దిగి ఉందన్నది. గాడులు మొదలయ్యే చోటికీ గుండు భుజానికీ మధ్య దూరాన్ని కొద్దికొద్దిగా మార్చి చూస్తే గ్రూపు ఒకచోట దగ్గరపడి మరొకచోట విచ్చుకుంటుంది. అయితే ఫ్యాక్టరీ రైఫిల్‌లో దీనికి ఒక గట్టి పరిమితి ఉంది. తూటా మ్యాగజీన్‌లో పట్టాలి; .308కు ఆ మొత్తం పొడవు 2.8 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. గాడులు అంతకన్నా దూరంగా ఉంటే, తూటాలను ఒక్కొక్కటిగా చేత్తో చాంబర్‌లో పెట్టుకోవడం తప్ప గుండును వాటి దగ్గరికి చేర్చే దారి లేదు.

ఇక మందు సంగతి. తూకానికి వాడే గ్రెయిన్ అనే కొలత 64.8 మిల్లీగ్రాములకు సమానం. జాగ్రత్తపరుడు అందులో పదోవంతు వరకూ తూస్తాడు. .308 కేసులో నలభై పైచిలుకు గ్రెయిన్ల మందు పడుతుంది కాబట్టి ఆ పదోవంతు అంటే పావు శాతం తేడా. లెక్క వేసి చూడండి: ఒక గుండు సెకనుకు 800 మీటర్ల వేగంతోనూ మరొకటి 815 మీటర్ల వేగంతోనూ బయలుదేరినా, 100 మీటర్ల దగ్గర రెండింటి ఎత్తులో తేడా 3 మిల్లీమీటర్లు మాత్రమే. అదే తేడా 600 మీటర్ల దగ్గర 15 సెంటీమీటర్లు దాటుతుంది. అందుచేత 100 మీటర్ల కాగితం మీద మందు తూకం ఘనత చూపించాలనుకునేవారు తరచుగా చూపిస్తున్నది అమరికదో గుండుదో అయి ఉంటుంది.

ప్రమాదం గురించి చెప్పకుండా ఈ మాట ముగించలేను. .308లో అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అది పేలేది మన చెంపకు జానెడు దూరంలో. కాబట్టి ఎవరైనా సరే ప్రచురితమైన మాన్యువల్‌లోని కనిష్ఠ తూకంతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా మాత్రమే పైకి వెళ్ళాలి, బల్ల మీద ఎప్పుడూ ఒకే రకం మందు ఉంచాలి, ఒకరి రైఫిల్‌కు కుదిరిన తూకాన్ని ఇంకొకరు అరువు తెచ్చుకోకూడదు. మీ బావమరిది ఇవన్నీ పాటిస్తూనే ఉంటారు. కానీ ఇవేవీ .22కు పనికిరావు.

.22 రిమ్‌ఫైర్ తూటాకు విడిగా ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) ఉండదు. దాని అడుగు అంచు మడతలోనే, దెబ్బ తగిలితే అంటుకునే రసాయనాన్ని తడిగా ఉన్నప్పుడు పోసి, గిర్రున తిప్పి పరుస్తారు. పేల్చినప్పుడు పిన్ను ఆ అంచును నలిపేస్తుంది కనుక కేసు రెండోసారి పనికిరాదు. పేల్చని తూటాను విప్పడం అంతకన్నా చెడ్డ ఆలోచన. లోపల ఉన్నది ఒకటి రెండు గ్రెయిన్ల మందు మాత్రమే; గుండు కేసులోకి దిగిన చోట ఉన్న నొక్కు ఒకసారి విడిపోతే ఫ్యాక్టరీ బిగింపు మళ్ళీ రాదు. ఆ బిగింపు సమానంగా ఉండడమే .22లో వేగం సమానంగా ఉండడానికి పెద్ద ఆధారం. పైగా మీరు పట్టకారుతో పట్టుకునేది ఆ రసాయనం ఉన్న కేసునే. దయచేసి ఆ ప్రయత్నం చేయవద్దు.


జవాబు (విశ్రాంత ఆర్మరర్, అమలాపురం)

బాబూ, నేను పోలీసు ఆయుధాగారంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ మూడవ ప్రశ్న చదవగానే వెంటనే రాయాలనిపించింది. మీ బావమరిదికి ఇవాళే ఫోను చేసి ఆ ప్రెస్సు తేవద్దని చెప్పండి.

ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలను గాని తూటాలను గాని తయారు చేయకూడదు. ఇంట్లో సొంతానికి నాలుగు తూటాలు నింపుకోవడం తయారీ కిందికి రాదని కొందరు వాదిస్తూ ఉంటారు. అటువంటివారు అదే చట్టం సెక్షన్ 2లో తూటాలకు, మందుగుండుకు ఇచ్చిన నిర్వచనం చదవాలి. తూటా విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రసామగ్రి కూడా ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. అంటే మందు పోయకపోయినా, ఆ సామాను దగ్గర ఉండడం కూడా ప్రశ్నార్థకమే అవుతుంది. సెక్షన్ 25 కింద అనుమతి లేని తయారీకి, 2019 సవరణ తరువాత, ఏడేళ్ళకు తగ్గని జైలు శిక్ష ఉంది. అది యావజ్జీవం వరకూ వెళ్ళవచ్చు. తుపాకీ మందు నిల్వకు పేలుడు పదార్థాల చట్టం, 1884 వేరే వర్తిస్తుంది. ఆటలో పైకి రావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లోకి ఇటువంటి సామాను రానివ్వకూడదు. చేతిలో లైసెన్సు ఉన్న షూటర్లు కూడా తమకు కేటాయించిన తూటాలను కొని వాడుకోవడానికే అర్హులు. లైసెన్సు అనేది తయారీకి అనుమతి కాదు.

ఇప్పుడు రైఫిల్ సంగతి చూద్దాం. తూటాను అనుమానించే ముందు రైఫిల్‌ను ఒకసారి పరీక్షించడం మా వృత్తిలో అలవాటు. ఫ్యాక్టరీ రైఫిల్‌లో బ్యారెల్, యాక్షన్ (బోల్టు కదిలే భాగం) కలిసిన ఇనుప భాగాన్ని, రైఫిల్‌ను పట్టుకునే ఒళ్ళయిన దిమ్మకు రెండు మూడు మరలే పట్టి ఉంచుతాయి. అవి సమానంగా బిగించి లేకపోతే ప్రతి పేలుడుకూ ఇనుము దిమ్మలో కొద్దిగా జరిగి మరో చోట కూర్చుంటుంది. గుండ్లు నిలువుగా సాగడానికి అదొక సాధారణ కారణం. తయారీదారు చెప్పిన బిగింపు ఎంతో కనుక్కుని, టార్క్ రెంచితో అంతే బిగించి, ఆ అంకెను పుస్తకంలో రాసి పెట్టుకోండి.

బ్యారెల్ దిమ్మకు తగలకుండా గాలిలో ఉండేలా చేసిన రైఫిలైతే, ఒక పోస్టుకార్డు ముక్కను బ్యారెల్ కింద పెట్టి మూతి వైపు నుంచి చాంబర్ వైపుకు జరపండి. ఎక్కడా పట్టుకోకుండా సాగాలి. కోనసీమలో కర్ర దిమ్మ ఉన్న రైఫిల్‌కు వేసవిలో సాఫీగా సాగిన అదే కార్డు ముక్క శ్రావణ భాద్రపదాల్లో మధ్యలో ఆగిపోవడం నేను ఎన్నో రైఫిళ్ళలో చూశాను. కర్ర తేమ పీల్చి ఉబ్బి, ఒక పక్క బ్యారెల్‌ను తాకుతుంది. ఆ తాకిడి రోజూ ఒకేలా ఉండదు గనుక గురి కూడా రోజూ ఒకేలా ఉండదు. మీ క్లబ్బు రైఫిల్ దిమ్మ అల్యూమినియందైతే ఈ బాధ లేదు.

ఆ తరువాత మూతి అంచు చూడండి. గుండు బ్యారెల్‌ను వదిలే చివరి చోటు అది. అక్కడ గోటికి తగిలేంత గాటు ఉన్నా, గుండు వెనకనున్న వాయువు ఒక పక్క ముందుగా తప్పించుకుని దాన్ని తోసేస్తుంది. శుభ్రం చేసే కడ్డీని మూతి వైపు నుంచి జొప్పించేవారి రైఫిళ్ళకు ఆ అంచు అరిగిపోవడం సహజం. కడ్డీని ఎప్పుడూ చాంబర్ వైపు నుంచే, గైడు పెట్టి, లోపలికి పంపాలి.

తేమ గురించి మీ అనుమానం న్యాయమైనదే. రైఫిల్‌ను స్పాంజి పరిచిన పెట్టెలో రోజుల తరబడి ఉంచకండి. ఆ స్పాంజి తేమను పట్టి ఇనుముకు అంటగడుతుంది. ఇంటికి రాగానే పెట్టెలోంచి తీసి, బోరులో (బ్యారెల్ లోపలి రంధ్రంలో) పల్చగా నూనె పూసి, గాలి ఆడే తాళం బీరువాలో నిలువుగా పెట్టాలి. మళ్ళీ పేల్చే ముందు పొడి గుడ్డతో ఆ నూనె తుడవాలి. ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్ళజోడు మసకబారినట్టే చల్లటి బ్యారెల్ లోపలా బయటా కూడా చెమ్మ పడుతుంది, కాబట్టి రేంజికి చేరాక పెట్టెను మూసే ఉంచి, బయటి వేడికి సర్దుకున్న తరువాతే తెరవండి. తూటాలకూ ఇదే పద్ధతి. వాటిని కంపెనీ పెట్టెలోనే ఉంచి, రబ్బరు అంచు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ సంచితో పాటు పెట్టండి. మే నెలలో తూటాల పెట్టెను ఎండలో నిలిపిన కారులో వదలకండి. .22 గుండు పైన ఉండే మైనం పూత కరిగి, ఒక పక్కకు జారి గడ్డకడితే ఆ పెట్టె ఇక పోటీకి పనికిరాదు.


అడిగినవారి మలి ప్రశ్న (పాలకొల్లు)

ఆర్మరర్ గారికి, రాజోలు మిత్రులకు కృతజ్ఞతలు. బావమరిదికి చెప్పేశాను, అతను కూడా అర్థం చేసుకున్నాడు. క్లబ్బు కార్యదర్శితో మాట్లాడి మరల బిగింపు, పోస్టుకార్డు పరీక్ష రెండూ చేయించాము. దిమ్మ ఎక్కడా తగలడం లేదు. మరలు తయారీదారు చెప్పినట్టే ఉన్నాయి. అయినా రెండు పెట్టెల మధ్య తేడా అలాగే ఉంది. ఇక తూటాలను విప్పకుండా, కాటా మీద తూచి, బరువు సమానంగా ఉన్నవాటిని వేరు చేసుకుంటే ఉపయోగం ఉంటుందా? మంచి పెట్టెను ఎంచుకోవడానికి ఎన్ని తూటాలు పేల్చి చూడాలి? ఒక్కొక్క తూటా ఖరీదు మీకు తెలియనిది కాదు, అందుకే అడుగుతున్నాను.


జవాబు (రైఫిల్ కోచ్, కాకినాడ)

రైఫిల్ బాగానే ఉందని తేలింది కాబట్టి ఇప్పుడు తూటాల గురించి ధైర్యంగా మాట్లాడుకోవచ్చు.

ముందు కాటా సంగతి. .22 తూటా మొత్తం బరువు మూడు గ్రాముల పైచిలుకు ఉంటుంది. అందులో సీసపు గుండు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు, మిగిలినదంతా దాదాపు ఇత్తడే. మందు బరువు గ్రాములో పదోవంతు అటూ ఇటూ. కాటా రెండు తూటాల మధ్య కొన్ని మిల్లీగ్రాముల తేడా చూపిందనుకోండి, అది సీసానిదో, ఇత్తడిదో, మైనానిదో, మందుదో కాటా చెప్పదు. వేగాన్ని మార్చేది ప్రధానంగా మందు, అంచు మడతలోని రసాయనం, గుండు బిగింపు. వీటిలో చివరిది అసలు బరువులో కనిపించదు. అందుచేత మంచి మ్యాచ్ తూటాలను తూచి వేరు చేయడానికి పట్టే సమయాన్ని మీ అమ్మాయి తూటా లేకుండా చేసే డ్రై ఫైరింగ్‌కు ఇస్తే ఎక్కువ మేలు అని నా నమ్మకం.

ఎయిర్ రైఫిల్ పెల్లెట్లకైతే మీ మిత్రుడి కాటాను నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. పెల్లెట్ అంటే ఒట్టి సీసమే కనుక అక్కడ బరువుకు అర్థం ఉంది. అయితే ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో కూడా చెబుతాను. 0.53 గ్రాముల పెల్లెట్‌లో ఒక శాతం, అంటే 5 మిల్లీగ్రాముల తేడా ఉంటే, 10 మీటర్ల దగ్గర దాని ఎత్తు మారేది మిల్లీమీటరులో ఆరోవంతు మాత్రమే. దశాంశ లెక్కింపులో 0.1 పాయింటు అంటే పావు మిల్లీమీటరు. నలిగినవీ అంచు వంగినవీ ఏరివేయడం, 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తల సైజుల్లో మీ బ్యారెల్‌కు ఏది కుదురుతుందో పరీక్షించడం బరువు తూచడం కన్నా ఎక్కువ ఫలితం ఇస్తాయి.

ఇప్పుడు మీ అసలు సమస్య. పేరు ఒకటే, కంపెనీ ఒకటే అయినా గ్రూపు మారిందంటే ముందుగా పెట్టె మీద ముద్రించిన లాటు నంబరు చూడాలి. రెండు పెట్టెల లాట్లు వేరని నాకు దాదాపు ఖాయంగా అనిపిస్తోంది. ఒక విడత ఇత్తడి, ఒక విడత మందు, ఒక యంత్రం సర్దుబాటు కలిస్తే ఒక లాటు. వీటిలో ఏది మారినా తూటా మారినట్టే. .22లో ఆ మార్పు ఎంత ప్రభావం చూపుతుందో లెక్క వేసి చూడండి. ఒక గుండు సెకనుకు 320 మీటర్లు, మరొకటి 330 మీటర్ల వేగంతో బయలుదేరితే 50 మీటర్ల దగ్గర వాటి ఎత్తులో తేడా 7 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. ఆ టార్గెట్‌లో పది వలయం మొత్తం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు, ఒక్కో వలయం వెడల్పు 8 మిల్లీమీటర్లు. రాజోలు మిత్రులు .308కు 100 మీటర్ల దగ్గర వేగం తేడా పెద్దగా లెక్కలోకి రాదన్నారు, అది నిజం. నెమ్మదిగా వెళ్ళే .22కు 50 మీటర్ల దగ్గరే అది ఒక వలయాన్ని తినేస్తుంది. మీ గుండ్లు నిలువుగా సాగడానికి ఇదే కారణమని క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) మీద పెట్టి చూస్తే తేలిపోతుంది. క్లబ్బులో ఉంటే ప్రతి లాటు నుంచి పది తూటాల వేగాలు రాయించండి.

అందుకే ప్రపంచస్థాయి షూటర్లు తూటాలు నింపుకోరు, లాటును ఎంచుకుంటారు. జర్మనీలో షోనెబెక్‌లో ఉన్న లపువా తూటాల కంపెనీ పరీక్షా కేంద్రానికి రైఫిల్ తీసుకుని వెళితే, దాన్ని బిగించి, వేర్వేరు లాట్లతో వరసగా పేల్చి, ఏ లాటు ఆ బ్యారెల్‌కు కుదిరిందో కాగితం మీద చూపిస్తారు. ఎలీ, ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీలకు కూడా ఇటువంటి ఏర్పాట్లు ఉన్నాయి. మనకు అంత దూరం వెళ్ళనవసరం లేదు, ఆ పద్ధతినే ఇక్కడ పాటించవచ్చు. క్లబ్బుకు దిగుమతి సరుకు వచ్చినప్పుడు ఎన్ని లాట్లు ఉన్నాయో అడిగి, ఒక్కొక్క దాని నుంచి ఒక పెట్టె తీసుకోండి. ఎలీ పెట్టెల మీద ఆ లాటు సగటు వేగం కూడా వేసి ఉంటుంది; అది రాసుకోండి, కానీ దాన్ని చూసి మాత్రమే కొనకండి. ఖరీదైనదే మీ బ్యారెల్‌కు నచ్చుతుందన్న నియమం కూడా లేదు. ఫ్యాక్టరీ రైఫిల్ వదులు చాంబర్‌లో మధ్య తరగతి తూటా, అన్నిటికన్నా ఖరీదైన దాన్ని మించి కొట్టిన సందర్భాలు నాకు అనుభవమే.

పరీక్ష చేసేటప్పుడు మీ అమ్మాయి భుజం మీద నుంచి కాకుండా, ముందూ వెనకా ఇసుక సంచుల మీద రైఫిల్ పెట్టి పేల్చాలి. మనం కొలుస్తున్నది తూటాను, పిల్లను కాదు. కంపెనీ మారినప్పుడల్లా మైనం మారుతుంది. పాత మైనం పోయి కొత్త పూత బోరులో పరుచుకునేదాకా గుండ్లు చెదురుతూనే ఉంటాయి. అందుకే మొదటి పది పదిహేను గుండ్లు మట్టి గట్టులోకి కొట్టి, ఆ తరువాతే కాగితం పెట్టండి.

ఎన్ని పేల్చాలన్న మీ ప్రశ్న చాలా ముఖ్యమైనది. మూడు గుండ్ల గ్రూపు చూసి తూటాను మెచ్చుకోవద్దు. తూటా, రైఫిల్, పేల్చే మనిషి ఏమీ మారకపోయినా, మూడు గుండ్ల గ్రూపు సగటున 15 మిల్లీమీటర్లు వస్తే పది గుండ్ల గ్రూపు సగటున 24 మిల్లీమీటర్లు వస్తుంది. అది తూటా చెడిపోవడం కాదు, గుండ్లు పెరిగేకొద్దీ అంచుకు పడేవి కూడా తగలడం. కాబట్టి మూడు గుండ్లతో ఒక లాటునూ పది గుండ్లతో మరొక లాటునూ పోల్చకూడదు. ప్రతి లాటుకూ పది గుండ్ల చొప్పున నాలుగు గ్రూపులు, ఒక పెట్టె యాభై తూటాల్లో సరిపోతాయి. మిగిలిన పది బోరు సర్దుకోవడానికి. మొదటి లాటు అంతా పొద్దున్నే, రెండో లాటు అంతా మధ్యాహ్నం గాలి లేచాక పేలిస్తే మీరు పోల్చింది గాలిని. లాట్లు ఒకే కంపెనీవైతే ఒకదాని తరువాత ఒకటిగా గ్రూపులు మార్చుకుంటూ వెళ్ళండి. మనవైపు సముద్రపు గాలి పదకొండు గంటలకల్లా మొదలవుతుంది కనుక ఉదయం పూటే పూర్తి చేయడం మేలు.

నాలుగు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, గురి బిందువు కలిపి, వెలుతురుకు ఎదురుగా పట్టి నలభై రంధ్రాలనూ ఒకేసారి చూడండి. అన్నిటికన్నా చిన్న గ్రూపు ఇచ్చిన లాటు కాదు మనకు కావలసింది, అన్నిటికన్నా తక్కువ గుండ్లను పక్కకు విసిరిన లాటు. అరవై గుండ్ల పోటీలో ఒక్క ఎనిమిది పడితే మిగిలిన మంచి గుండ్లన్నీ దాన్ని పూడ్చడానికే పోతాయి. లాటు తేలిన రోజునే క్లబ్బుతో మాట్లాడి, పోటీలకు సరిపడా అదే నంబరు పెట్టెలు మీ అమ్మాయి పేరు మీద కేటాయింపజేసుకోండి. రోజువారీ సాధనకు రెండో స్థానంలో వచ్చిన లాటు చాలు, అయితే పోటీకి వారం ముందు నుంచి పోటీ లాటుకు మారిపోవాలి.


జవాబు (విశ్రాంత ఆర్మరర్, అమలాపురం)

కోచ్ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. పరీక్షకు ముందు చాంబర్ మొదట్లో, గాడులు ప్రారంభమయ్యే చోట పేరుకున్న మసి కట్టును శుభ్రం చేయించండి. క్లబ్బు రైఫిళ్ళలో చాలామంది బోరు మధ్యభాగం తుడిచి దీన్ని వదిలేస్తారు. ఆ కట్టు గట్టిపడితే తూటా మీద బోల్టు మూయడం బరువవుతుంది, గుండు ఒక్కోసారి అక్కడే గీసుకుంటుంది. శుభ్రం చేసిన తరువాత కూడా రెండు లాట్ల మధ్య అదే తేడా కనిపిస్తే, ఇక కోచ్ గారు చెప్పినట్టు లాటే కారణం.


అడిగినవారు (పాలకొల్లు)

పెట్టెలు చూశానండి. లాటు నంబర్లు వేరే. మంచి గ్రూపు వచ్చిన లాటువి క్లబ్బులో ఇంకా కొన్ని పెట్టెలు మిగిలి ఉన్నాయని కార్యదర్శి గారు చెప్పారు. వాటిని విడిగా తాళం వేసి ఉంచమని అడిగాను. మూడో లాటు ఒకటి వచ్చే నెల సరుకులో వస్తుందట. చాంబర్ శుభ్రం చేయించి, అది రాగానే మూడింటినీ ఒకే ఉదయం పరీక్షిస్తాము. క్రోనోగ్రాఫ్ కాకినాడలో దొరికితే కోచ్ గారిని ఫోనులో సంప్రదిస్తాను.